కోడ్ పదిహేడు

మార్చి 3, సోమవారం

కొత్త వాకీటాకీలు వచ్చాయి. రెండు. ఒకటి నాకు, ఒకటి మా బావమరిదికి. పాతవాటికి రబ్బరు బ్యాండ్లు వేసి ఏడాది లాగాం. వాటి బ్యాటరీలు నా మోకాళ్ళలాంటివే, పొద్దున బాగుంటాయి, మధ్యాహ్నానికి మొరాయిస్తాయి.

స్టోరాయన డబ్బాలు చేతికిచ్చి సంతకం పెట్టించుకున్నాడు. కింద పడేస్తే మళ్ళీ నా దగ్గరికి రావద్దన్నాడు.

ముందు యాంటెన్నా బిగించాలి, ఆ తర్వాతే ఆన్ చెయ్యాలి. యాంటెన్నా లేకుండా బటన్ నొక్కితే లోపల ఏదో కాలిపోతుందట. ఎర్ర లైటు పచ్చగా మారేదాకా చార్జింగ్ పెట్టాలి. పైన మీట తిప్పితే టక్కుమని ఆన్ అవుతుంది, ఇంకా తిప్పితే సౌండు పెరుగుతుంది. మాట్లాడాలంటే పక్క బటన్ నొక్కి, మనసులో ఒకటి లెక్కపెట్టి, అప్పుడు నోరు తెరవాలి. తొందరపడితే మొదటి మాట మింగేస్తుంది. ఇది మా బావమరిదికి పదిసార్లు చెప్పాను. తెలుసు బావా అని పదిసార్లు అన్నాడు.

ఛానెల్ ఐదు పెట్టాం.

నేను ఉండేది అరవై మీటర్ల పైన, క్రేన్ క్యాబిన్లో. బిల్డింగు వెనక పక్క నాకు కనపడదు. అక్కడ కింద నిలబడి దించు, ఆపు అని చెప్పే మా బావమరిదే నా కళ్ళు. నా భార్యకు తమ్ముడు. ఆరేళ్ళ కింద నేనే తీసుకొచ్చి హెల్మెట్ పెట్టి నిలబెట్టాను.

ఈ డైరీ సిమెంటు కంపెనీవాళ్ళు పంచింది. ఎవరికీ చూపించను. చూపించడానికి ఏముంది కనుక.

ఒక్కటి నచ్చలేదు. ఛానెల్ ఐదులో ఎవరివో మాటలు వినపడుతున్నాయి. రోడ్డుకు అవతల సైటు, తెల్ల క్రేన్‌వాళ్ళు. కింద సిగ్నల్ ఇచ్చేది ఒకావిడ. ఈ ఎర్ర క్రేన్ పెద్దాయన వార్తలు చదివినట్టు మాట్లాడతాడేంటి అని ఆవిడ అంటే, పైన క్యాబిన్లో వాళ్ళ ఆపరేటర్ నవ్వాడు. ఎర్ర క్రేన్ నాదే.

మార్చి 4

నిన్నటి నవ్వు చెవిలోంచి పోలేదు. వాళ్ళ మాటలు నాకు వినపడుతున్నాయంటే నావి వాళ్ళకు వినపడుతున్నాయనేగా. మా సైటు ఇంజినీరమ్మ దగ్గర ఒక సెట్టు ఉంటే ఆవిడా వింటుంది. ఇంకెవరెవరు వింటున్నారో. గోడలకు చెవులుంటాయని ఊరికే అనలేదు.

భోజనాల టైములో డబ్బాలోని కాగితం చదివాను. అందులో ప్రైవసీ కోడ్ అని ఉంది. మెనూ రెండుసార్లు నొక్కి, ప్లస్ నొక్కుతూ పోతే ముప్పై ఎనిమిది దాకా నంబర్లు. రెండు సెట్లలోనూ ఒకే నంబరు పెట్టుకుంటే చాలు. పదిహేడు పెట్టాను. ప్రత్యేకించి ఏమీ లేదు, వేలు అక్కడ ఆగింది.

పెట్టగానే తెల్ల క్రేన్ గోల మాయం. ఇంటికి తలుపు వేసి గొళ్ళెం పెట్టినంత హాయి.

బావమరిది ఏదో అనబోయాడు. మరి వాళ్ళు మాట్లాడేటప్పుడు మనం అని మొదలుపెట్టాడు. వాళ్ళ మాటలతో నీకేం పని అన్నాను.

మార్చి 6

ఇవాళ లోడు మధ్యలో వాడి గొంతు ఆగిపోయింది. రెండుసార్లు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. లోడు కదులుతున్నంతసేపూ కిందివాడు నోరు ముయ్యకూడదు. దించు, దించు, దించు అని జపంలా అంటూనే ఉండాలి. మాట ఆగితే చెయ్యి ఆగాలి. ఆపు అని చెప్పేదాకా చూడకూడదు. సెట్టు చచ్చిపోవచ్చు, మనిషే పడిపోవచ్చు. కాబట్టి నిశ్శబ్దం అంటేనే ఆపు. పని నేర్పినాయన నాకు మొదటిరోజు చెప్పిన మొదటి మాట ఇది. బావమరిదికి నేను చెప్పిన మొదటి మాటా ఇదే.

ఆపాను. లోడు గాల్లో ఊగింది. పది సెకన్ల తర్వాత వాడే, ఏమైంది బావా ఆపావేం అని అడిగాడు. నువ్వు ఆపావు కాబట్టి అన్నాను. నేను ఆపలేదే అన్నాడు.

మార్చి 7

స్టోరాయన టీ తాగుతూ ఒక మాట జారవిడిచాడు. మా బావమరిది ఇంజినీరమ్మను కలిసి క్రేన్ ఆపరేటర్ లైసెన్సు కోర్సు గురించి అడిగాడట. నెలయిందట.

ఓహో.

మార్చి 8

నిశ్శబ్దాలు: ఉదయం 9:50, 10:20, 11:05. మధ్యాహ్నం 2:30, 3:40. ఇకనుంచి టైములు రాసి పెట్టుకుంటాను.

మధ్యాహ్నం సెట్లు రెండూ పరీక్ష చేశాను. భోజనాల వేళ సైటంతా సద్దుమణిగాక, వాణ్ణి బిల్డింగు వెనక్కి పంపి వంద దాకా లెక్కపెట్టమన్నాను. ఒక్క అంకె పోకుండా వినపడింది. సెట్లు మార్చుకుని మళ్ళీ లెక్కపెట్టించాను. అదే. బ్యాటరీ ఫుల్లు. యాంటెన్నా గట్టిగా ఉంది. సెట్టులో ఏ లోపమూ లేదు. అలాంటప్పుడు లోపం ఎక్కడున్నట్టు?

సెట్టే ఏదో చేస్తోంది బావా అంటాడు వాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నాడట వెనకటికొకడు.

సాయంత్రం ఇంజినీరమ్మ పిలిచి, ఈ వారం రోజుకు ఎనిమిది లోడ్లు తగ్గాయి, ఒంట్లో బాగుంటోందా అని అడిగింది. చాలా మర్యాదగా అడిగింది. మర్యాదగా అడిగితేనే భయం. వాడు లోడు మధ్యలో నోరు మూస్తాడు, నేను ఆపుతాను, లెక్కలో నేను నిదానం అవుతాను. పెద్దాయనకు చేత కావట్లేదంటారు. కోర్సు చదివినవాడు సిద్ధంగా ఉంటాడు. చూడబోతే చాలా తెలివైన పని. నోరు మూసుకోవడం తప్ప వాడు చేసిందేమీ లేదు, ఎవరూ పట్టుకోలేరు.

మార్చి 9, ఆదివారం

భోజనానికి వచ్చాడు. వాళ్ళక్క ముందు వాడికే వడ్డించింది. అది ఎప్పుడూ ఉన్నదే, ఇవాళ చూశాను.

వాడు నా మొహం చూడకుండా తిన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటాడని, వాడు భుజాలు తడుముకుంటాడేమో చూద్దామని, ఈ మధ్య కుర్రాళ్ళందరూ కోర్సులు చేస్తున్నారట కదా అన్నాను. చేస్తే మంచిదే కదా బావా అన్నాడు. నీళ్ళు తాగాడు. మామూలు కంటే ఎక్కువ తాగాడా? తాగాడనే అనుకుంటున్నాను.

వాడు వెళ్ళాక నా భార్య నిలదీసింది. మా తమ్ముణ్ణి పోలీసువాడు చూసినట్టు చూస్తున్నారేంటండీ అంది. ఏం లేదన్నాను. దాయాది చావు కోరతాడు, బావమరిది బతుకు కోరతాడు అని సామెత ఉంది, మీకెప్పుడైనా ఎవరైనా చెప్పారా అంది. నాకు చెప్పారు. సామెత కట్టినవాడికి క్రేన్ సీటు లేదు.

మార్చి 10

ఏడు నిశ్శబ్దాలు. 4:15 అప్పుడు సరిగ్గా ‘దిం’ దగ్గర కోసేశాడు. నాటకంలోలాగ.

మార్చి 11

వాడు దించు అన్నాడు. నేను దించాను. ఇటుకలు నింపిన ఇనప పంజరం బిల్డింగు వెనకాల పైపుల మీద పడింది. ప్లంబరు ఒకాయన అక్కడే వంగి పైపు ఏరుకుంటున్నాడు. బావమరిది ఆయన కాలరు పట్టుకుని వెనక్కి లాగాడు. పంజరానికీ ఆయన కాలికీ మధ్య జానెడు.

ఇంజినీరమ్మ ఇద్దరినీ పిలిచింది. దించు అంటేనే దించానని చెప్పాను. ఆపు అని మూడుసార్లు అరిచానని వాడు చెప్పాడు. ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నా మీద ఒక్క మాట లేదు. వచ్చే మంగళవారం విచారణ అంది. అప్పటిదాకా వాణ్ణి రావద్దంది.

వాడు హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టాడు. బావా అన్నాడు. బయటికి వెళ్ళిపోయాడు.

మార్చి 12, ఉదయం 5:10

నేను విన్నది దించు కాదు. నేనేమీ వినలేదు.

మార్చి 12, సాయంత్రం

పొద్దున రాసింది కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యలేదు. ఎవరూ చదవని దాంట్లో కూడా అబద్ధం రాస్తే ఇక డైరీ ఎందుకు.

జరిగింది ఇది. దించు, దించు అంటున్నాడు. గొంతు ఆగింది. మళ్ళీ మొదలుపెట్టావా నీ నాటకం అనుకున్నాను. క్యాబిన్ స్క్రీన్ మీద ఇంకా మూడు మీటర్లు చూపిస్తోంది. రోజూ దించే చోటే, కళ్ళు మూసుకుని దించగలను. ఇవాళ ఆగను, చూద్దాం ఏం చేస్తావో అనుకున్నాను. చెయ్యి ఆపలేదు. అంతే. మూడు మీటర్లు దిగడానికి ఎంతసేపు పడుతుంది.

ఇంట్లో నా భార్య అన్నం పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చి గుమ్మంలో నిలబడి ఒకే ఒక్కటి అడిగింది. వాడు దించు అనడం మీ చెవులతో విన్నారా అని. విన్నానన్నాను. సరే అని వెళ్ళిపోయింది. సరే అన్న మాట ఇంత బరువుంటుందని తెలీదు.

అయినా తప్పు వాడిదే. వాడు వారంగా నోరు మూస్తూ రాకపోతే నాకు ఆ మొండితనం వచ్చేది కాదు.

మార్చి 13

బావమరిది బదులు మేస్త్రీని కింద నిలబెట్టారు. బటన్ నొక్కి ఒకటి లెక్కపెట్టాలని నేర్పాను. ఆయన పైకే ఒకటి అని గట్టిగా అని, తర్వాత దించు అంటున్నాడు. ఒకటి దించు, ఒకటి దించు. పోనీలే.

10:40కి ఆయన గొంతూ ఆగింది.

11:15కి మళ్ళీ. ఆపాను. రెండుసార్లూ ఆపాను. చేతులకు చెమటలు పట్టాయి.

మేస్త్రీకి నా సీటు మీద ఆశ లేదు. ఆయన స్టూలు ఎక్కాలన్నా ఇంకొకరి భుజం పట్టుకుంటాడు. మరి ఎందుకు ఆపుతున్నట్టు? మా బావమరిది ఆయనకు చెప్పిపెట్టాడా? ఇద్దరూ కలిసి టీ తాగడం నేను చూశాను. స్టోరాయన కూడా ఆ రోజు ఆ మాట కావాలనే జారవిడిచాడేమో. ఇంజినీరమ్మ ఒంట్లో బాగుందా అని అడగడం.

పైన వరుస చదువుకుంటే నాకే సిగ్గేసింది. ఒక్క మనిషిని క్యాబిన్‌లోంచి దించడానికి ఇంతమంది కుట్ర చేస్తారా? నేనేం మంత్రినా?

మార్చి 14

చేతులకు చెమట పట్టి మీటలు జారుతున్నాయని గ్లౌజులు వేసుకున్నాను. మందం గ్లౌజులు. మాట్లాడే బటన్ నొక్కబోతే దాని కింద ఉన్న చిన్న బటన్ నొక్కుకుపోయింది. ఆ బటన్ దేనికో నేను ఎప్పుడూ చూడలేదు. బుస్సుమని హోరు వచ్చింది, దాని వెనకే ఆవిడ గొంతు. దించు, దించు, దించు. తెల్ల క్రేన్ ఆవిడ. వేలు తీస్తే నిశ్శబ్దం. నొక్కితే ఆవిడ, అది నొక్కినంతసేపూ కోడ్ పనిచెయ్యదు కాబోలు.

కిందకు చూస్తే ఇటు వైపు మేస్త్రీ సెట్టు నోటి దగ్గర పెట్టుకుని తల ఊపుతూ మాట్లాడుతూనే ఉన్నాడు. ఆయన నోరు కదులుతోంది. నాకు ఏమీ వినపడట్లేదు. అవతల తెల్ల క్రేన్ లోడు ఆగింది, ఆవిడ ఆపింది. మరుక్షణం నా సెట్టులో మేస్త్రీ ఊడిపడ్డాడు.

లోడు దించేశాక మెనూలోకి వెళ్ళి కోడ్ సున్నా చేశాను. పదిరోజుల తర్వాత రోడ్డంతా నా క్యాబిన్లోకి వచ్చింది.

ఆవిడే పలకరించింది. ఎర్ర క్రేన్, ఇప్పటికైనా వినపడుతోందా అంది. వినపడుతోందన్నాను. పదిరోజులుగా పిలుస్తున్నాం పెద్దాయనా, ఇద్దరం ఒకే ఛానెల్లో ఉన్నాం, ఒకరు మారదామని, మీరు పలకరే అంది. కోడ్ పెట్టుకున్నామని చెప్పాను. ఆవిడ నవ్వింది కానీ వెక్కిరింపుగా కాదు. అది తలుపు కాదు, మీ చెవుల్లో మీరు పెట్టుకున్న దూది అంది. కోడ్ ఉంటే మా మాటలు మీకు వినపడవు, మీవి మాత్రం మాకు అన్నీ వినపడతాయి అంది. ఇద్దరం ఒకేసారి మాట్లాడితే ఎవరిది గట్టిగా తగిలితే వాళ్ళదే నిలుస్తుంది, మాది తగిలినప్పుడు మీ సెట్టు నోరు మూసుకుంటుంది అంది. ముందు మీ మాటలు మేం విని ఆగేవాళ్ళం, మా మాటలు విని మీరు ఆగేవాళ్ళు, దూది పెట్టుకున్నాక మీకు ఆ సంగతే తెలీలేదు అంది.

మా బావమరిది ఆ రోజు అనబోయింది ఇదే. వాళ్ళు మాట్లాడేటప్పుడు మనం.

నేను ఇంకా సెట్టు చేతిలో పట్టుకునే ఉన్నాను. ఆవిడ మళ్ళీ అడిగింది. మంగళవారం మీ అబ్బాయి ఆపు, ఆపు, ఆపు అని మూడుసార్లు అరిచాడు కదా, నేను బటన్ నొక్కి మాట్లాడుతూ ఉన్నాను, సెట్టులో కాదు, రోడ్డు ఇవతలికే వినపడింది, ఆ అరుపుకు భయపడి మా క్రేన్ కూడా ఆపించాను, ఎవరికీ ఏమీ కాలేదు కదా అని. కాలేదన్నాను. మరి మీకు మాట ఆగింది కదా, మీరెందుకు ఆపలేదు అంది.

బటన్ వదిలేశాను. మళ్ళీ నొక్కి మేస్త్రీని తర్వాతి లోడు కట్టమన్నాను.

మార్చి 15

జ్వరమని సెలవు పెట్టాను. జ్వరం లేదు.

మార్చి 16, ఆదివారం

నిన్నంతా పడుకుని ఒక ఉపాయం ఆలోచించాను. చాలా మంచి ఉపాయం. తెల్ల క్రేన్ వాళ్ళదీ మాదీ ఒకే ఛానెల్. ఆవిడ దించు అంటూ ఉంది. ఆ దించు నా సెట్టులో పడింది, నేను మావాడిదనుకున్నాను. కోడ్ ఉంటే అది పడదని ఇంజినీరమ్మకు తెలీదు. వాడి తప్పూ లేదు, నా తప్పూ లేదు, తప్పంతా సెట్టుది. పాము చావదు, కర్ర విరగదు. వాడు పనిలోకి వస్తాడు, నేను సీట్లో ఉంటాను, ఇంట్లో నా భార్య మళ్ళీ నాతో మాట్లాడుతుంది.

సాయంత్రం వాడి గదికి వెళ్ళాను. ఒకే గది, మంచం మీద కోర్సు పుస్తకం తెరిచి ఉంది. దాచలేదు. నేను చూడటం చూసి వాడే చెప్పాడు. జూన్‌లో సైటుకు రెండో క్రేన్ వస్తోందట, దానికి అడిగానన్నాడు. పాసయ్యాక చెబుదామనుకున్నాను బావా, ఫెయిలైతే నువ్వు ఏడాదంతా ఏడిపిస్తావని అన్నాడు. నిజమే, ఏడిపించేవాణ్ణి.

ఉపాయం చెప్పాను. మొత్తం విన్నాడు. కోడ్ సంగతి విన్నప్పుడు మాత్రం తల ఊపాడు. సరే బావా, అలాగే చెప్పు, నేను అడ్డం చెప్పను అన్నాడు. నాకు గుండెల మీది బరువు దిగిపోయింది. లేచి వాడి భుజం తట్టాను.

అప్పుడు అన్నాడు. కానీ ఇక నీ కింద నిలబడను బావా, నన్ను వేరే పనికి మార్చమని అడుగుతాను అని. ఎందుకురా అన్నాను. ఆరేళ్ళు నీ లోడు కింద తిరిగాను, ఒక్కసారి కూడా తలెత్తి చూసుకోలేదు, నా నోరు ఆగితే నీ చెయ్యి ఆగుతుందని, ఇప్పుడు చూసుకోకుండా ఉండలేను అన్నాడు. కోపంగా అనలేదు. కోప్పడితే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి.

చెప్పులు వేసుకుంటుంటే, అక్కకు నేనేమీ చెప్పలేదు అని కూడా అన్నాడు.

నడిచే ఇంటికొచ్చాను. దారంతా ఏడుపొచ్చింది. ఏభై నాలుగేళ్ళ మనిషి రోడ్డు మీద ఏడిస్తే కంట్లో దుమ్ము పడిందనుకుంటారు. మంచిదే.

మార్చి 17

నా భార్యకు నిజం చెప్పాను. అన్నం తింటూ చెప్పాను. తెలుసు అంది. ఎలా తెలుసంటే, అబద్ధం చెప్పిన రోజు మీరు పప్పులో ఉప్పు లేకపోయినా గొణగకుండా తింటారు అంది. ఆ రోజు కావాలనే ఉప్పు వెయ్యలేదట.

రేపు ఏం చెబుతారు అని అడిగింది. తెలీదన్నాను. అది నిజం.

మార్చి 18, మంగళవారం

ఇంజినీరమ్మ, సేఫ్టీ ఆఫీసరు, స్టోరాయన. బావమరిది గోడ పక్కన నిలబడ్డాడు. ప్లంబరు కూడా వచ్చాడు, ఎందుకో నాకు దణ్ణం పెట్టాడు. ఆయన దణ్ణం పెట్టకుండా ఉంటే ఉపాయమే చెప్పేవాణ్ణేమో.

ఏం విన్నారు అని అడిగింది.

ఏమీ వినలేదండీ అన్నాను. ఏమీ వినపడలేదు, అయినా దించాను. కోడ్ పెట్టింది నేను. ఈ అబ్బాయి వద్దనబోతే నోరు మూయించింది నేను. మొన్న దించు అని విన్నానన్నది అబద్ధం.

సేఫ్టీ ఆఫీసరు రాసుకోవడం ఆపి నా వైపు చూశాడు. తర్వాత మళ్ళీ రాసుకున్నాడు. ఆరు నెలలు పైకి ఎక్కకూడదన్నారు. ఆ తర్వాత కూడా చూద్దామన్నారు. ఉండాలనుకుంటే కింద సిగ్నల్ పని ఉందన్నారు. ఉంటానన్నాను.

బావమరిది హెల్మెట్ తీసుకుని వెళ్ళిపోయాడు.

మార్చి 24

నేల మీద మొదటి రోజు. మేం ఛానెల్ తొమ్మిదికి మారాం, కోడ్ సున్నా. పై సీట్లోకి వేరే సైటు నుంచి ఎవరినో పంపారు. నేను వచ్చేసరికే ఎక్కేశాడు. ఇక్కణ్ణుంచి మొహం కనపడదు.

స్టీలు కట్ట దిగుతోంది. దించు, దించు, దించు. ఇంతసేపు అనాలంటే గొంతు ఇంత ఎండుతుందని నాకు తెలీదు. ఆరేళ్ళు వాడు నీళ్ళ సీసా నడుముకు ఎందుకు కట్టుకునేవాడో అడగలేదు. ఉమ్మి మింగుదామని ఒక్క క్షణం నోరు మూశాను.

తల మీద కట్ట ఆగిపోయింది. పైన ఎవరున్నారో నాకు ఇంకా తెలీదు.